నెల దాటిన రికార్డింగులు

“ఒక్కటి కూడా పోలేదు, సూసుకో మే,” అంటూ మా ఆయన గిరిబాబు కొత్త ఫోను నా ముందు పెట్టినప్పుడు నేను మండీలో పీట మీద కూర్చుని టమాటా వేరు చేస్తున్నాను. గట్టి కాయ ఒక క్రేటులోకి, పండు కాయ ఒక క్రేటులోకి, పగిలింది కిందికి. చూడకుండానే చేసుకుపోయే పని అది. చేతికి తగలగానే ఈ కాయ ఎన్నాళ్లు నిలుస్తుందో, దూరం లారీకి పనికొస్తుందో లేక ఇవాళే ఊళ్లో దిగాలో వేళ్లు చెప్పేస్తాయి. ఇరవై రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాయి.

చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకున్నాను. బరువు తక్కువగా ఉంది. పాటలు తెరిచాను. ఆరు వందల నలభై మూడు. పాత ఫోనులో ఉన్నవి కూడా ఆరు వందల నలభై మూడే. గిరిబాబు నా ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. పని చేసి పెట్టి మెప్పు కోసం ఎదురుచూసే మనిషి ఆయన. మెప్పు అందాక మళ్లీ ఏడాది దాకా ఆ పని చేయడు.

“అన్నీ వచ్చినాయి,” అన్నాను.

“రాకేం? రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకోని రెండు గంటలు కూర్చున్నా. ముందు చెత్త తీసేసి, తర్వాత పంపినా. కవరు కూడా ఏయించినా, సూడు.”

నేను కవరు చూడలేదు. రికార్డర్ తెరిచాను. ఈ నెల వేలాలు వరుసగా ఉన్నాయి. కిందికి జరిపాను. ఇంకా కిందికి. ఒకటో తేదీ దగ్గర ఆగిపోయింది. వేలితో మళ్లీ లాగాను. అక్కడినుంచి కిందికి ఏమీ లేదు, ఉత్త తెల్లటి అద్దం.

“పాతవి యాడ?”

“ఏవి? ఓ, అవా!” నవ్వాడు. “నీక్కూడా మరుపు వస్తాండాది మే. నెల దాటిన రికార్డింగు చెత్త, చెత్త అని నా ప్రాణం తీస్తావు గదా, నువ్వే పదకొండు అట్లే వదిలేసినావు. ఆరేండ్ల కిందటివి! తీసేసినా.”

“ఒక్కటన్నా ఇన్నావా?”

“వేలం ఏముంటాది ఇనేదానికి?”

ఆ మాట తప్పు కాదు.

మదనపల్లె మార్కెట్ యార్డులో మాది కమీషన్ మండీ. రైతులు పొద్దున్నే క్రేట్లు దింపుతారు, కొనేవాళ్లు చుట్టూ చేరతారు, ఒక్కో లాటుకూ వేలం అరనిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత రైతు వచ్చి, నాకు వినిపించిన రేటు ఇది కాదే అనకుండా ప్రతి వేలాన్నీ ఫోనులో రికార్డు చేయడం నేను పెట్టిన అలవాటు. నెల తిరిగేలోగా అందరి లెక్కా తేలిపోతుంది కాబట్టి నెల దాటినవి తీసేయడం కూడా నేను పెట్టిన పద్ధతే. మా మండీలో నేను పెట్టిన పద్ధతులు చాలా ఉన్నాయి. బోర్డు మీద మాత్రం మా మామ సుబ్బరాయుడి పేరు, కింద మా ఆయన ఫోటో ఉంటాయి. ఫోన్ నంబరు నాది. ఎందుకంటే ఎత్తేది నేను.

ఆ పదకొండూ వేలాలు కావు. మా అమ్మ పాటలు.

వాటికి పేర్లు పెట్టలేదు. రికార్డర్ తనంతట తాను వేసుకునే అంకెలనే ఉంచేశాను. మార్కెట్లో జనం చెడు కాయను క్రేటు అడుగున వేసి మంచి కాయను పైన పేరుస్తారు. నేను తిరగేసి చేశాను. మంచిదాన్ని అడుగున పెట్టి పైన వేలాలు పేర్చాను. వేలం రికార్డింగులు ఎవరూ విప్పి వినరు. అంతకంటే భద్రమైన చోటు మా ఇంట్లో నాకు ఇంకొకటి లేదు. ప్రతి నెలా పాతవి తీసేసేటప్పుడు ఆ పదకొండింటినీ నిడివి చూసి గుర్తుపట్టి వదిలేసేదాన్ని. వేలం అరనిమిషం, అమ్మ పాట ఐదు నిమిషాలు. ఆయన నిడివి చూడలేదు. తేదీ ఒక్కటే చూశాడు. తేదీ చూడమని నేర్పింది నేనే.

“అవి వేలాలు కాదు. మాయమ్మవి. అమ్మ పాడినవి,” అన్నాను.

ఆయన బాధపడ్డాడు, పడలేదని చెప్పను. తర్వాత బాధ పడేవాళ్లు ఏం చేస్తారో అదే చేశాడు. తన మీద నుంచి దించేసుకున్నాడు.

“నాకు సెప్పల్ల గదా ముందే? పేరన్నా పెట్టల్ల గదా? వేలాల్లో కలిపి పెడితే నాకెట్ల తెలస్తాది?” అని గొంతు తగ్గించాడు. “పాటలే గదా మే. యూట్యూబ్‌లో వెతుకు, యాడో ఒక తావ ఉంటాయి.”

“పాత ఫోను యాడుండాది?”

“నిన్న సాయంత్రమే ఇచ్చేస్తి గదా. పుంగనూరులో, ఎక్స్‌ఛేంజికి.”

ఒక రైతు వచ్చి “అక్కా, మా లాటు ఎప్పుడు?” అని అడిగాడు. లేచి వెళ్లాను. ఆ రోజు మిగతా లాట్లన్నీ కొత్త ఫోనులో రికార్డు చేశాను. దాని మైకు చాలా బాగుంది. పక్క మండీ కేకలు కూడా స్పష్టంగా పడ్డాయి.

పేరు పెట్టకపోవడానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట అమ్మ కర్మ అయి వచ్చిన వారానికి, పొద్దున పొయ్యి దగ్గర నిలబడి మొదటిసారి అమ్మ పాట ఒకటి పెట్టుకున్నాను. శబ్దం తగ్గించే పెట్టాను. మా అత్త అప్పుడు పుంగనూరు నుంచి వచ్చి మా దగ్గర ఉంది. వసారాలోంచి లోపలికి వచ్చి, “పొద్దున్నే ఆ కూలోళ్ల కూతలేందమ్మా? మా ఇండ్లల్లో దేవుని పాటలు పెడతారు,” అంది. తిట్టలేదు, మామూలుగానే అంది, ఉప్పు ఎక్కువైందన్నట్టు. మా ఆయన టిఫిను తింటూ నవ్వాడు. “మీయమ్మ గొంతు గట్టిదే మే. తోపులో పిట్టల్ని తోలేదానికి బాగా పనికొస్తాది,” అన్నాడు. అది కూడా హాస్యమే. మా ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, తిండికి తక్కువ చేయలేదు. తూకంలో మోసం ఎప్పుడూ బస్తాల్లో జరగదు, చిటికెల్లో జరుగుతుంది. ఆ రోజు పాట ఆపేసి, ఫోను బియ్యం డబ్బా పక్కన బోర్లా పెట్టాను. అప్పటినుంచి ఆ పదకొండింటినీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే విన్నాను. టమాటా వేరు చేస్తున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు. ఏం వింటున్నావని ఒక్కరూ అడగలేదు.

మా అమ్మ మునిరత్నమ్మ కుప్పం దగ్గర పల్లెలో పట్టుపురుగులు మేపే పని చేసేది. ముందు ఒక రైతు షెడ్డులో కూలికి, తర్వాత మా ఇంట్లోనే ఆకు పరిచే రెండు మంచాల మీద సొంతానికి. పట్టుపురుగు పెరిగేలోగా నాలుగుసార్లు తిండి మాని తల పైకెత్తి నిద్రపోతుంది. ప్రతి నిద్ర తర్వాత పాత చర్మం వదిలి లేచి, ముందుకంటే ఎక్కువ మల్బరీ ఆకు అడుగుతుంది. నాలుగో నిద్ర లేచిన పురుగులకు ఆకు ఎంత వేసినా చాలదు. అప్పుడు అమ్మ కూర్చునేది కాదు. గంప దించడం, ఆకు పరచడం, మళ్లీ తోటకు పోవడం. ఆ పని మీదే, పురుగును పాపమ్మా అని పిలుస్తూ, ఒక పాట కట్టింది. నిద్రకొక చరణం.

*ఒకటో నిద్దర లెయ్యవే పాపమ్మా*
*లేత సిగురు తెస్తినే పాపమ్మా*
*రెండో నిద్దర లెయ్యవే పాపమ్మా*
*రెండు గంపల ఆకు తెస్తినే పాపమ్మా*

మూడో చరణంలో చేతికి కంచె ముల్లు గుచ్చుకుంటుంది. నాలుగోది ఇది:

*నాలుగో నిద్దర లెయ్యవే పాపమ్మా*
*నాకు నిద్దరే లేదులే పాపమ్మా*

ఇక్కడికి వచ్చేసరికి ఆమె ప్రతిసారీ కొంచెం నవ్వేది. నవ్వు తర్వాత దగ్గు. ఆ నవ్వూ దగ్గూ నా పదకొండో రికార్డింగులో ఉండేవి. మాటలు నాకు కంఠతా వచ్చు, ఎప్పటికీ పోవు. పోయింది ఆ నవ్వుకూ దగ్గుకూ మధ్య ఆమె గాలి పీల్చుకునే చప్పుడు. దాన్ని ఎవరిని అడిగి రాసుకోవాలి?

అమ్మకు ఊపిరాడని జబ్బు ముదిరినప్పుడు ఐదు రోజులు పోయొస్తానని అడిగాను. “మూడు రోజులు సాలదా? సీజను గదా,” అన్నాడు ఆయన. బేరం చేయడం నాకూ తెలుసు కాబట్టి ఐదు అడిగి నాలుగుకు తెచ్చుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో పదకొండు రికార్డింగులు చేశాను. ప్రతి పాట చివరా అమ్మ, “నువ్వూ ఒకటి పాడు పాపా,” అనేది. “నాకెక్కడ వస్తాది, నువ్వు పాడు,” అనేదాన్ని. అదీ అందులో పడింది, నా గొంతు, దూరంగా, తొందరలో ఉన్నట్టు.

ఆ పాటకు ఐదో చరణం ఒకటుంది. నాలుగు నిద్రలూ అయ్యాక పురుగు మేత మాని గూడు కట్టుకోవడం మొదలుపెడుతుంది కదా, అది. ఆఖరి రోజున అమ్మ, “*గూడు కట్టను పోతివా పాపమ్మా*” అని మొదటి ముక్క ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఫోను మోగితే రికార్డింగు ఆగిపోతుంది. “టార్పాలిన్ రూము తాళం యాడ పెట్టినావు మే?” అని అడిగాడు మా ఆయన. చెప్పాను. ఆ తర్వాత ఇంకో రైతు చేశాడు. ఇంకొకరు చేశారు. అమ్మ చేత్తో సైగ చేసింది, మాట్లాడుకో పో, తర్వాత పాడతానని. తర్వాత ఆమెకు ఆయాసం వచ్చింది. సాయంత్రం నాకు బస్సు. రెండు నెలలకు ఆమె లేదు. పదకొండో రికార్డింగు ఆ ఒక్క ముక్క దగ్గర తెగిపోయి ఉండేది. ఆరేళ్లూ ప్రతిసారీ అక్కడ ఆగి, రెండో ముక్క ఏమై ఉంటుందా అని చెవి పెట్టి ఉండిపోయేదాన్ని, ఇంకొంచెం సేపు వింటే వస్తుందేమో అన్నట్టు.

తిరుపతిలో చదువుతున్న మా అమ్మాయి మేఘనకు ఫోన్ చేశాను. ఒక పాట దానికి ఎప్పుడో వాట్సాప్‌లో పంపిన గుర్తు.

“ఉండాది మా, ఇదో, నువ్వు పంపింది కనిపిస్తాండాది,” అంది. రెండుసార్లు నొక్కి చూసినట్టుంది. “మా... నేను అప్పుడు డౌన్‌లోడ్ చేసుకోలేదు. ఇప్పుడు నొక్కితే రాలేదు. పంపినవాళ్లను మళ్లీ పంపమని అడగమంటాండాది.”

“పంపింది నేనే గదా.”

“అవును మా.” ఏడుపు గొంతుతో, “మా, అది అమ్మమ్మదని రాయల్ల గదా. నువ్వు ఏదో ఫార్వర్డ్ చేసినావు అనుకున్నా. పొద్దున్నే పది పంపిస్తావు గదా నువ్వు,” అంది.

పేరు రాయని సరుకును ఎవరు జాగ్రత్త చేస్తారు? ముగ్గురిలోనూ మొదటి తప్పు నాదే అని తేలింది. ఎలా చూసినా అలాగే తేలేది. ఇల్లంతా నా పద్ధతుల మీద నడిచేది కాబట్టి, ఏది చెడినా మొదటి తప్పు నాదిగానే తేలుతుంది. అది నేను చాలా ఆలస్యంగా గమనించాను.

మరుసటి రోజు వేలాలు ముగిశాక, “పుంగనూరు పోయొస్తా, ఫోను షాపుకు,” అన్నాను.

“ఇంకా దాని ఎనకాలే ఉండావా? సరే, పోయిరా. అట్లే మా అమ్మను సూసిరా. సాయంత్రానికి వచ్చేయ్, రేపటి క్రేట్లు లెక్క పెట్టల్ల,” అన్నాడు.

షాపులో కుర్చీలో ఉన్నాయన పేరు రెడ్డెప్ప. మర్యాదస్తుడు. మా మండీ పేరు చెప్పగానే మంచినీళ్లు తెప్పించాడు. విషయం చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పాత ఫోన్లు ఒక్కొక్కటి ఉంచుకోమక్కా. లాటు కట్టి బెంగళూరుకు పంపిస్తాం. నిన్ననే పోయింది. పంపేముందు అంతా ఖాళీ చేస్తాం, అది రూలు. మీరు పది వేలు ఇస్తామన్నా నేను తెచ్చీలేను.”

“లాటు యార్డు దాటినాక ఎనక్కి రాదు, నాకు తెలుసప్పా,” అన్నాను.

“ఏమన్నా ముక్కిమైనవా అక్కా?”

“మాయమ్మ గొంతు.”

ఆయన మంచినీళ్ల గ్లాసును కొంచెం నా వైపు జరిపాడు. ఈ మొత్తం వ్యవహారంలో సరిగ్గా ప్రవర్తించింది ఆయన ఒక్కడే. ముక్కూమొగమూ తెలియని మనిషి.

బయటికి వచ్చి నిలబడ్డాను. మా అత్త ఇల్లు అక్కడికి నాలుగు వీధులు. పోతే కాఫీ పెట్టాలి, మధ్యాహ్నం గిన్నెలు కడిగి పెట్టాలి, “ఒక ఫోను కోసరం సీజనులో ఇంత దూరం వచ్చినావా?” అనే మాటకు నవ్వి ఊరుకోవాలి. నన్ను ఆ ఇంటికి తెచ్చిన రోజు గుర్తొచ్చింది. మా నాయన టమాటా దించడానికి మండీకి వస్తే నేనూ వెంట వచ్చాను. పందొమ్మిదేళ్లు. నలభై లాట్ల తూకం కాగితం లేకుండా నోటితో కలిపి చెప్పాను. మామ అది విని వారం లోపల మా ఇంటికి వచ్చాడు. “కట్నం మాట ఎత్తొద్దప్పా. మండీకి మనిషి కావల్ల,” అన్నాడు. మా నాయన పొంగిపోయాడు. అమ్మ మాత్రం ఆకు పరుస్తూ, “మనిషి కావల్లంటే జీతగాన్ని పెట్టుకోవచ్చు గదా,” అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. నన్ను ఇష్టపడి అడిగారనుకున్నాను.

టమాటా బండి ఎక్కిన చోట ఒక బరువు, దిగిన చోట ఒక బరువు. మధ్యలో పోయినదాన్ని మేము తరుగు అంటాం. దానికి ఎవరి మీదా కోపం ఉండదు, దారిలో ఆరిపోయింది అంటారంతే. ఇరవై రెండేళ్లలో నాలో ఎంత ఆరిపోయిందో నేను తూకం వేసుకోలేదు. పాడేదాన్ని ఒకప్పుడు. ఆకు కోసేటప్పుడు అమ్మ ఒక ముక్క అంటే నేను ఒక ముక్క అందుకునేదాన్ని. “నాకెక్కడ వస్తాది” అని అమ్మతో అన్నది అబద్ధం. అది అబద్ధమని ఆమెకూ తెలుసు.

బస్టాండుకు వెనక్కి నడిచాను. పుంగనూరులో దిగి అత్త గడప తొక్కకుండా వెనుదిరగడం అదే మొదటిసారి. మదనపల్లె బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను పలమనేరు బస్సు ఎక్కి, అక్కడ కుప్పం బస్సు మారాను.

బస్సులో నేను వేసుకున్న లెక్క ఇది. మా అమ్మ చెల్లెలు బుజ్జమ్మ చిన్నమ్మ ఇంకా ఉంది. అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకే గొంతు అని ఊరంతా అనేది. గోడ అవతలి నుంచి పిలిస్తే నేనే తేడా తెలియక “మా” అని పలికేదాన్ని. మొదటి రకం దొరకనప్పుడు దానికి దగ్గరి రకం తీసుకుంటాం. చిన్నమ్మ చేత పదకొండూ పాడించుకుని, పేర్లు పెట్టి, మూడు చోట్ల దాచుకుంటాను. రెండో ముక్క కూడా ఆమెకు తెలిసే ఉంటుంది.

చిన్నమ్మ స్కూల్లో ఆయాగా చేసి రిటైరయింది. ఇప్పుడు పింఛను వస్తుంది. అయినా ఒక మంచం నిండా పురుగులు పెట్టుకుంది, ఊరికే ఉండలేక. నేను వెళ్లేసరికి చంద్రికలో గూళ్లు ఏరుతోంది. చంద్రిక అంటే పురుగులు గూడు కట్టుకునే వెదురు తట్ట.

“ఎవురే? సుధారాణీనా? మండీ మునిగిపోయిందా ఏంది, ఇట్ల ఊడిపడితివి?”

“మునగలేదు. నీ దగ్గర పని పడింది చిన్నమ్మా.”

“పనుంటేనే గదా వచ్చేది. కూసో. ఏరతా సెప్పు.”

పక్కన కూర్చుని గూళ్లు ఏరాను. గట్టివి బుట్టలోకి. మెత్తవి ఒక పక్కకు. కొన్నింటికి ఒక కొన దగ్గర బెజ్జం ఉంది, లోపలి పురుగు సీతాకోకై కొరుక్కుని బయటికి పోయింది. దారం తెగిపోయి ఉంటుంది కాబట్టి అవి చెత్తబుట్టలోకి. నా చేతులు ఇంకా మరిచిపోలేదు. ఏరుతూ అంతా చెప్పాను. అయిపోయాక ఫోను బయటికి తీసి, “నీ గొంతూ అమ్మ గొంతూ ఒకటే గదా. నువ్వు పాడు చిన్నమ్మా, పెట్టుకుంటా,” అన్నాను.

ఆమె చేతిలో గూడు బుట్టలో వేసింది. “నేను పాడితే నువ్వు ఏమని పేరు పెట్టుకుంటావు? అమ్మ అనా, చిన్నమ్మ అనా?”

నేను చంద్రికలోంచి ఇంకో గూడు తీశాను.

“సూస్తివా? ఒక సరుకు సూపించి ఇంకో సరుకు అమ్మేది మీ మార్కెట్లో సెల్లుతాదేమో మే. నా దగ్గర సెల్లదు. అక్క పోయింది. అక్క గొంతూ పోయింది. నా గొంతు పెట్టుకోని అక్క అని ఏడుస్తావా? నేను ఇంకా బతికే ఉండా.”

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆరేళ్ల కిందట రాలేదు, అప్పుడు వచ్చిన జనానికి వంట చేయాల్సి వచ్చింది. చిన్నమ్మ ఓదార్చలేదు. గూళ్లు ఏరుతూనే ఉంది. నా ఏడుపు తగ్గాక నీళ్లు ఇచ్చింది.

“ఐదో సరణం రెండో ముక్కన్నా సెప్పు చిన్నమ్మా. గూడు కట్టను పోతివా పాపమ్మా... తర్వాత ఏంది?”

“ఏమో.”

“నీకు తెలీదా?”

“తెలిసేకి అదొకటా రెండా? నాలుగు సరణాలే ఎప్పుడూ ఉండేది. ఐదోది అక్క ఆ పూట మనసులో ఏముంటే అది అనేది. ఒకసారి నవ్వించేది, ఒకసారి మీ నాయన్ని తిట్టేది. నువ్వు పెండ్లయి పోయిన వారం ఒకటి అనింది. అది మాత్రం నన్ను అడగొద్దు.”

కాబట్టి ఆ రోజు అమ్మ ఏం అనబోయిందో చెప్పగలిగినవాళ్లు లోకంలో ఎవరూ లేరు. ఉన్న ఒక్క అవకాశం దగ్గర నేను టార్పాలిన్ తాళం ఎక్కడుందో చెబుతున్నాను. ఇందులో మా ఆయన తుడిచేసింది ఏమీ లేదు. అసలు ఆ ముక్కను నేను రికార్డు చేసుకోనేలేదు.

“నువ్వే పాడు,” అంది చిన్నమ్మ. “అడిగి అడిగి పోయింది మీయమ్మ. నీకు రాదంటే నమ్మేదానికి నేను మీ అత్తను కాను.”

రికార్డర్ నొక్కి ఫోనును బుట్ట మీద పెట్టాను. గొంతు సవరించుకున్నాను. *ఒకటో నిద్దర* అని ఎత్తుకున్నాను. చెడ్డగా వచ్చింది, మధ్యలో పగిలింది. *రెండు గంపల ఆకు* దాకా వెళ్లేసరికి ఫోను మోగింది. రికార్డింగు ఆగిపోయింది.

ఎత్తాను. “యాడుండావు మే? క్రేట్లు లెక్క పెట్టల్ల గదా,” అన్నాడు.

“కుప్పంలో ఉండా.”

“కుప్పమా? ఆడికి యాల పోయినావు? ఎప్పుడొస్తావు?”

“రేపొస్తా.”

“రేపా? మరి ఈడ ఎవరు సూస్తారు? ఆ ఖాళీ క్రేట్లు యాడ...”

“నాకు తెలీదు,” అన్నాను. తెలుసు. గేటు పక్కన, నీలం పట్టా కింద, నూట పన్నెండు. పెట్టేశాను.

మళ్లీ మోగుతుంది. రైతు చేస్తాడు, డ్రైవరు చేస్తాడు, ఆయన చేస్తాడు. ఫోను చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి లాగాను. చిన్న విమానం బొమ్మ కనిపించింది. దాన్ని నొక్కాను. సిగ్నల్ గీతలన్నీ పోయాయి.

చిన్నమ్మ వంగి చూసింది. “ఏందే ఆ బొమ్మ? ఇమానమా?”

“ఇది నొక్కితే ఎవరూ పిలవలేరు చిన్నమ్మా.”

“ఎవురూనా?”

“ఎవరూ.”

ఆమె బొమ్మను చూసి, నన్ను చూసింది. “ఇది కొత్త ఫోన్లోనే ఉండాదా, పాతదాంట్లో కూడా ఉండిందా?”

“ఉండింది,” అన్నాను.

నేను రికార్డర్ నొక్కాను. మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి గొంతు పగిలినా ఆగలేదు. లేత చిగురు, రెండు గంపలు, ముల్లు. నాలుగో నిద్ర దగ్గర అమ్మ నవ్వే చోట ఆమె నవ్వు లేదు, ఖాళీగా ఉంది. ఆ ఖాళీని అలాగే ఉండనిచ్చి ముందుకు పోయాను.

*గూడు కట్టను పోతివా పాపమ్మా...*

అక్కడ ఆగాను. ఆరేళ్లూ ఆగిన చోటే. చిన్నమ్మ చేతిలో బెజ్జం పడిన గూడు ఒకటి ఉంది, చెత్తలో వేయబోతూ నా కోసం ఆగి ఉంది. అంకెలు కదులుతున్నాయి, రెండు నిమిషాల పది, పదకొండు, పన్నెండు.

*వాకిలొకటి ఇడుసుకోవే పాపమ్మా.*

చిన్నమ్మ గూటిని వేళ్ల మధ్య తిప్పింది. “వాకిలి ఇడిసిన గూటిని ఎవురు కొంటారే పిచ్చిదానా?” అంది.

“ఎవరూ కొనరు చిన్నమ్మా,” అన్నాను, రికార్డింగు ఆపకుండానే.